కొత్త రైఫిల్, ఐదు తూటాలు

ఎన్‌సీసీ పిల్లల చేతికి ఈసారి కొత్త పాయింట్ టూ టూ రైఫిల్ వచ్చింది. కాలేజీలో నేను పట్టిన పాతదాని బోల్టు బిగుసుకుపోయేది, దీనిది వేలితోనే జారుతోంది. బట్ మాత్రం తొమ్మిదో తరగతి భుజాలకి కాస్త పొడుగే.

25 మీటర్ల నుంచి మా అమ్మాయి ఒకతె ఐదు తూటాలు పేల్చింది. ఐదూ ఎడమవైపు, కిందకి పడ్డాయి. పూల మార్కెట్ నుంచి నేరుగా వచ్చిన వాళ్ళ నాన్నగారు షీట్ చూసి, "మధ్యలో ఒక్కటీ లేదేంటి మేడమ్? వచ్చే ఏడు టెన్త్, మానిపించేస్తాం" అన్నారు.

షీట్ మీద టీ గ్లాసు బోర్లించి చూపించాను. ఐదు చిల్లులూ దాని కిందే దాక్కున్నాయి. గురి నిలకడ చెప్పేది ఆ గుంపే. గుంపు మొత్తం పక్కకి పడితే సైట్ సరిచేయాలి, కొత్త రైఫిల్‌కి ఆ పని ఇంకా కాలేదు. తూటాల రకం మారినా గుంపు మారుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌కి పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, మొదటి రోజే పిల్లల్ని దాంతో కొలవకూడదండీ.

ఆయన షీట్ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఔననలేదు, కాదనలేదు. తర్వాతి ఫైరింగ్ జాబితాలో అమ్మాయి పేరు ఉంచాను.