మాటలు లేని పాట

మన పెళ్ళిళ్ళలో నాదస్వరం లేనిదే ముహూర్తం జరగదు. అయితే తాళి కట్టి గట్టిమేళం అయిపోగానే అందరి దృష్టీ పంక్తి భోజనాలమీదికి పోతుంది. ఆ తరవాత కూర్చుని రాగం వినేవారు పందిట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒకరిద్దరిలో మా నాయనగారు తప్పక ఉండేవారు.

మేము తిరుచ్చిలో పుట్టి పెరిగినవాళ్ళము. నాయకరాజుల కాలంలో మా పూర్వులు కావేరి గట్టుకు వచ్చారని పెద్దలు చెప్పేవారు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చిన్నతనంలో రేడియోలో ఇళయరాజా పాట వస్తే మాకు పండుగ. నాదస్వరం వస్తే నాయనగారికి పండుగ. అందులోనూ షేక్ చిన మౌలానా సాహెబుగారి వాద్యమంటే ఆయనకు ప్రాణం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన ఆ విద్వాంసులు తంజావూరు బాణీ అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో కీర్తిశేషులైనారు. "మనలాగే అక్కడినుంచి వచ్చినవారు. ఇక్కడివారు మెచ్చేటట్లు వాయించారురా" అని నాయనగారు మురిసిపోయేవారు.

నాదస్వరం వాయించడం సులభం కాదు. వేళ్ళకు ఏడు రంధ్రాలే ఉంటాయి, మీటలు లేవు. గమకాలను ఊపిరితోను, రెల్లు పీకమీద పెదవుల ఒత్తిడితోను కూడా పలికించాలి. కుంభకోణం దగ్గర నరసింగంపేటలో దీనిని ఆచ్చా అనే కొయ్యతో చేస్తారు. పాత ఇళ్ళు విప్పినప్పుడు దొరికే ఏళ్ళనాటి కొయ్య అయితే మరీ మేలట. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

త్యాగరాజస్వామి కృతులలో ఎక్కువ భాగం తెలుగే. కాని నాదస్వరంలో మాటలు ఉండవు. వింటున్నంతసేపూ నాయనగారి పెదవులు మెల్లగా కదులుతూ ఉండేవి. ఆ మాటలు ఆయన లోపలే చెప్పుకొనేవారు.

ఆరేళ్ళ క్రిందట ఆయనకు చెవి మందగించసాగింది. చెవి యంత్రం పెట్టించాము. దానితో మనుషుల మాట కొంత అందినా, సంగీతం గరగరమంటుందని తీసి ప్రక్కన పెట్టేవారు. పాత టేపు పెట్టించుకొని, "ఏ కృతిరా వస్తున్నది?" అని మమ్మల్ని అడిగేవారు. జవాబు చెప్పడానికి మేము నేర్చుకోక తప్పలేదు. ఆఫీసునుంచి వచ్చాక రోజుకొక కృతి ఆయన చెబుతూంటే నోటుబుక్కులో వ్రాసుకొన్నాము. బడిలో నేర్వని తెలుగు మాటలకు అర్థాలు కూడా ఆయనే చెప్పారు. మాట తెలిసిన తరవాత అదే టేపు వింటే, వాద్యం ఎక్కడ ఆగి ఊపిరి తీస్తున్నదో, ఏ మాటను విడవకుండా పట్టుకొని బతిమాలుతున్నదో మాకు తెలియవచ్చింది. ఇప్పుడు తోడి రాగం అరగంట వాయించినా మాకు విసుగు రాదు.

నాయనగారికి ఈనాడు ఆ నాదం దాదాపు వినబడదు. టేపులన్నీ మా అబ్బాయి ఫోనులోకి ఎక్కించాడు. రాత్రిపూట మేము ఆయనకు ఎదురుగా కూర్చుని వింటాము. ఆయన మా పెదవుల కదలికను చూస్తూ తొడమీద తాళం వేస్తారు. చరణం వచ్చేసరికి ఆయన కూడా పెదవులు కదుపుతారు.

మీ ఇళ్ళలో పెద్దలు ఏ పాట విని తల ఊపుతారో, అందులోని మాటలేవో, వారి చెవీ జ్ఞాపకమూ బాగున్నప్పుడే అడిగి వ్రాసుకొనవలెనని మా మనవి.