గుడ్డు తెల్లసొన నేర్పిన పాఠం

మేమిద్దరం పుత్తూరు సాంఘిక సంక్షేమ వసతి గృహంలో పెరిగి, ఆ తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే మా శిక్షణ సంగతే రాద్దామనుకున్నాం.

మనది పుత్తూరు అనగానే ఎవరైనా కట్టు గురించే అడుగుతారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. హాస్టల్లో గుడ్డు పెట్టే రోజు కోసం ఎంత ఎదురుచూసేవాళ్ళమో! ఆ తెల్లసొనలోని ప్రోటీనే మాకు గురువవుతుందని మాత్రం ఊహించలేదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. కాలేజీలో మేము యంత్రాలను ముట్టుకున్నది తక్కువ. ఏదైనా పగిలితే డబ్బులు కట్టాలన్న భయంతో వెనక నిలబడేవాళ్ళం. పక్కవాళ్ళ రికార్డు చూసి గ్రాఫులు గీసేవాళ్ళం. మార్కులు వచ్చాయి, పని రాలేదు.

చదువయ్యాక హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పది రోజుల శిక్షణకు ఎంపికయ్యాం. ప్రోటీన్లు ఒకదానితో ఒకటి, ఇతర అణువులతో ఎలా జతకడతాయో కొలవడం అక్కడి పాఠం. మాకిచ్చింది లైసోజైమ్. అది బాక్టీరియా గోడను ఛేదించే ప్రోటీను. 1922లో ఫ్లెమింగ్ దాన్ని కనుగొన్నారు. 1965లో లండనులో డేవిడ్ ఫిలిప్స్ బృందం దాని ఆకారాన్ని తేల్చింది.

ఐసోథెర్మల్ టైట్రేషన్ కెలోరిమీటర్ అనే యంత్రంలో ఒక గిన్నెలో లైసోజైమ్, సూదిలో దానికి అతుక్కునే ఒక చక్కెర. చుక్క పడ్డప్పుడల్లా రెండూ కలిసి కొంచెం వేడి పుడుతుంది. డిగ్రీలో వెయ్యో వంతుకన్నా ఎంతో తక్కువ తేడానైనా యంత్రం పట్టేస్తుంది. మన మెస్సులో పంక్తి లాగే అనుకోండి. మొదట వచ్చినవాళ్ళకు వెంటనే చోటు దొరుకుతుంది. చోట్లన్నీ నిండాక వచ్చినవాళ్ళు నిలబడాల్సిందే. అలాగే వేడి క్రమంగా తగ్గిపోతుంది. ఆ తగ్గే తీరును బట్టి బంధం ఎంత గట్టిదో, ఒక్కో ప్రోటీనుకు ఎన్ని చోట్లున్నాయో లెక్క కడతారు.

మొదటి రోజు మా గ్రాఫు గజిబిజిగా వచ్చింది. గిన్నెలో గాలి బుడగ ఉండిపోయిందట. గంటన్నర శ్రమ వృథా. ఇక మమ్మల్ని వెనక్కి పంపేస్తారనుకుని మా గొంతు ఎండిపోయింది. సారు మాత్రం "బుడగ అందరికీ వస్తుంది, కడిగి మళ్ళీ మొదలుపెట్టండి" అన్నారు, అంతే. రెండోసారీ చెడింది. ప్రోటీను, చక్కెర వేర్వేరుసార్లు కలిపిన బఫర్లలో ఉన్నాయి. ఆ తేడాకే వేడి పుట్టింది. మూడోసారి మెట్లు దిగినట్టు గీతలు వరసగా చిన్నవవుతూ వచ్చాయి. అది మేము చూసి రాయని మొదటి గ్రాఫు. ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళల్లోనూ లైసోజైమే ఉంటుందని తర్వాత నవ్వుకున్నాం.

తమ్ముళ్ళారా! ఎముకలోని కొల్లాజెన్ మూడు పేటల తాడులా మెలితిరిగి ఉంటుందని 1954లో చెప్పింది జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మనం రైలెక్కి వెళ్ళే మద్రాసులోని విశ్వవిద్యాలయంలోనే ఆ పని జరిగింది. 2015లో మొదలైన ఐసర్ ఇప్పుడు మన జిల్లాలోనే, ఏర్పేడు దగ్గర ఉంది. చదువు దగ్గరకొచ్చింది. ల్యాబులో వెనక నిలబడకండి. "సార్, ఒకసారి నేను చేస్తాను" అని అడగండి. చెడితే కడిగి మళ్ళీ చేయవచ్చు.

ఈసారి వచ్చినప్పుడు ఒక పిపెట్టు తెస్తాం. అందరూ పట్టుకుని చూద్దురుగాని.