గుప్పెడు బియ్యం, దాని లెక్క

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగిన కొత్తవాళ్ళకి ఊరివాళ్ళు ముందుగా చూపించేది ఎపిఫనీ కెథెడ్రల్‌నే. 1939లో ప్రతిష్ఠించిన ఆ కట్టడంలో గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మంటపాన్ని గుర్తుచేస్తాయి. చూడవలసిందే. కానీ డోర్నకల్‌లో నన్ను పట్టి ఆపింది రాయి కాదు, బియ్యం. ఈ అధ్యక్ష మండలం పల్లెల్లో, కూలికి పోయొచ్చిన ఆడమనిషి ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి వేరే కుండలో వేసేది. చేటలో చెయ్యి పెడుతుంది, నాలుగు వేళ్ళు ముడుచుకుంటాయి, సందుల్లోంచి జారేవి జారిపోగా పిడికిట్లో మిగిలింది దేవుడిది. అన్నం తిన్నాక మిగిలింది కాదు, వండకముందే తీసింది. ఎవరి పిడికిలి వాళ్ళది కాబట్టి కొలత దగ్గర తగువు లేదు, పెద్దమనిషి వచ్చి తూచే పనీ లేదు. తనకున్నది తనది కాదనీ, తాను దానికి కాపలాదారు మాత్రమేననీ ఒప్పుకోవడాన్ని తెలుగు బైబిలు గృహనిర్వాహకత్వం అంటుంది. ఆ నోరు తిరగని మాటకి ఆ కుండకన్న మంచి వ్యాఖ్యానం నాకు కనపడలేదు.

తిండికే కటకటలాడే మనిషి దగ్గర కానుక పట్టడం దోపిడీ కాదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో మిషనరీగా ఇక్కడికొచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్యకీ ఇది తప్పలేదు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్ళు. అయినా ఇవ్వమనే చెప్పాడు, ఇవ్వడం గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1910లో ఎడిన్‌బరో సభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగాలు చాలు, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంలో మాట్లాడిన మనిషి, తన సంఘం ఎల్లకాలం వాళ్ళ జేబు మీద బతకాలని ఎలా కోరుకుంటాడు? పైగా కళ్ళం దగ్గర గింజల కోసం చెయ్యి చాచేవాళ్ళుగానే ఊరు ఆ పేటలవాళ్ళని చూసింది. ఆ చెయ్యే ఇచ్చే చెయ్యి కావడం చిన్న సంగతి కాదు. మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఉండి కూడా, మమ్మల్నీ ఇవ్వనివ్వండని బతిమాలుకున్నాయని పౌలు కొరింథీయులకి రాశాడు. పేదవాడు ఎలాగూ ఇవ్వలేడులే అని మనమే తీర్మానించెయ్యడంలో దయ ఎంతుందో గానీ, చులకన మాత్రం ఉంది.

అయితే ఈ జవాబు నిలవాలంటే ఒక షరతుంది: ఇచ్చింది ఎవరికి చేరిందో లెక్క చెప్పాలి. దాన్నే ఇవాళ గాలికొదిలేశారు. టీవీల్లో, సభల్లో విత్తన కానుక పేరుతో వినపడేది వేరే లెక్క: ఇంత వేస్తే అంతకు నూరంతలు. ఇది విధేయత కాదు, దేవుడితో వడ్డీ వ్యాపారం. దశమభాగం కోసం మలాకీ మూడో అధ్యాయం ఎత్తేవాళ్ళు ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం ఎత్తరేం? మూడేళ్ళకోసారి ఆ పదోవంతు లేవీయుడికే కాదు, పరదేశికీ, తండ్రిలేని పిల్లలకీ, విధవరాలికీ పెట్టమంటుంది అది. పేద విధవరాలి రెండు కాసులు ప్రసంగాల్లో ఎన్నిసార్లు మోగాయో లెక్కలేదు. మార్కు సువార్తలో ఆ కథకి సరిగ్గా ముందే, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రుల మీద యేసు విరుచుకుపడతాడు. ఆ రెండిటినీ కలిపి చదివితే ఆమెని మెచ్చుకోవడంతో పని అయిపోదు, ఆమె కాసులు ఎవరి చేతిలో పడ్డాయని కూడా అడగాలి. సంఘాల్లో వినపడే గొణుగుడు కూడా అదే: ‘ఇయ్యమంటే ఇస్తాం, ఏడికి పోతుందో చెప్పేటోళ్ళేరీ?’ దీన్ని అవిశ్వాసం కింద కొట్టిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గృహనిర్వాహకుడు అనే మాటలోనే లెక్క అప్పగించడం ఉంది.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు కదా, లెక్కలు బయటపెట్టడం ఎందుకంటారు కొందరు. ఆ మాట ఇచ్చేవాడికి చెప్పింది, డప్పు కొట్టుకోవద్దని. ట్రెజరర్‌కి చెప్పింది కాదు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన డబ్బు మోయడానికి పౌలు, తన మీద ఎవరూ వేలెత్తకుండా, సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటపెట్టుకున్నాడు. అపొస్తలుడికే సాక్షి అవసరమైతే పాస్టరేట్ కమిటీకి అక్కర్లేదా? మన పల్లె చర్చిల కోత పండుగలో ఈ పద్ధతి ఇంకా బతికే ఉంది. ఎవరో తెచ్చిన గుమ్మడికాయనో నాటుకోడినో అందరి ముందూ వేలం పాడతారు, ఎంతకి పోయిందో గట్టిగా చెప్పి అక్కడికక్కడే రాసుకుంటారు. ఆ పుస్తకాన్ని మిగతా పదకొండు నెలలు కూడా తెరిచి ఉంచండి. నెలాఖరున ఒక కాగితం మీద రాబడీ ఖర్చూ రాసి గుడి గోడకి అంటించండి.