గుడ్డు పగలాలంటే ఐదు కిలోమీటర్లు

మన బ్యాచ్‌లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పోకెమాన్ గో మన దేశంలోకి అధికారికంగా వచ్చింది 2016 డిసెంబర్ 14న, జియోతో కలిసి. జులై నుంచే ఏపీకే ఎక్కించుకుని ఆడినవాళ్లూ ఉన్నారు, వాళ్ల గొప్పలు వేరే. నోట్ల రద్దై నెల దాటింది. అబిడ్స్‌లో ఏటీఎం లైన్లో మా నాన్న, ఆయన ఫోన్ పట్టుకుని నేనూ మా అన్నా.

అందరూ చెప్పుకునేది కెమెరాలో కనిపించే బొమ్మ గురించే. రోడ్డు మీద పికాచు నిలబడి ఉంటుంది, బంతి విసరాలి. నిజం చెప్పాలంటే అందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాటరీ మిగలాలని మేం ఏఆర్ మోడ్‌నే ఆపేసేవాళ్లం. మా బుర్ర పనిచేసింది గుడ్ల దగ్గర. రెండు, ఐదు, పది కిలోమీటర్ల గుడ్లుండేవి, అంత నడిస్తేనే పగులుతాయి.

నాంపల్లి స్టేషన్ నుంచి జీపీఓ దాకా మెయిన్ రోడ్డు మీద వెళ్తే దూరం దాదాపు సరిగ్గా పడేది. జగదీష్ మార్కెట్ చుట్టుపక్కల గల్లీల్లో మెలికలు తిరిగితే ఎక్కువ నడిచినా తక్కువ పడేది. అన్న రఫ్ నోట్‌బుక్‌లో అడుగులు రాసేవాడు. సిగ్నల్ తప్పేమో అనుకున్నాం. ఎత్తు బిల్డింగుల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకు కొట్టుకుని వస్తుంది, మనం కదలకపోయినా మన బొమ్మ గెంతుతుంది. అలాగైతే దూరం పెరగాలి కదా, తగ్గుతుందేంటి? మూడు రోజులు ఇదే గొడవ. చివరికి అన్న అన్నాడు: "ఇది అడుగడుగూ చూడట్లేదురా. అప్పుడప్పుడు ఒక చుక్క పెట్టి, చుక్కల్ని తిన్నగా కలుపుతోంది." అది నిజమైతే గుండ్రంగా తిరిగినా తక్కువే రావాలి. పబ్లిక్ గార్డెన్స్‌లో తిరిగి చూశాం. తక్కువే వచ్చింది! ఇంటర్‌లో సార్ ఆర్క్ లెంగ్త్ మొదలుపెట్టి వంపుని చిన్న చిన్న గీతలుగా ముక్కలు చేస్తుంటే, నాకు ఆ పార్కే కనబడింది.

ఇదంతా ఎందుకంటే, పోయిన వేసవిలో మా చిన్నమ్మ ఒక ప్రశ్న అడిగింది. ఆమె బట్టలు కుడుతుంది. కొడుకు ఏడో తరగతి, లెక్కల్లో మాటల్లో ఇచ్చిన ప్రశ్న కనబడితే పెన్ను కింద పెట్టేస్తాడు. ఇంటికొచ్చిన సేల్స్ అతను ట్యాబ్ తెరిచి, పుస్తకం మీద గుండెకాయ లేచి తిరుగుతుంటే చూపించి, దీంతో పిల్లల ఆలోచనాశక్తి పెరుగుతుందన్నాడట. పద్దెనిమిది వేలు. "నువ్వు కంప్యూటర్స్ చదువుతున్నవ్ కదా బిడ్డా, తీసుకోవాల్నా వద్దా?"

నేను డెమో మొత్తం చూశాను. గుండె బాగుంది, గదులూ కవాటాలూ బోర్డు మీది బొమ్మకంటే స్పష్టంగా తెలుస్తాయి. కానీ ఎక్కడా "ఇప్పుడేమవుతుందో ముందు చెప్పు" అని అడగలేదు. తప్పు ఊహించే అవకాశమే లేదు. తప్పు ఊహించకుండా మేం ఆ గల్లీల లెక్క ఎలా తేల్చేవాళ్లం?

అలాగని ఆటలన్నీ దండగ అని కాదు. యాక్షన్ గేములు ఆడేవాళ్ల చూపు ఒకేసారి ఎక్కువ వస్తువుల్ని పట్టుకుంటుందని గ్రీన్, బవెలియర్ 2003లోనే నేచర్ పత్రికలో చూపించారు. చూపు పదునెక్కితే లెక్కలూ వచ్చేస్తాయా అన్నది వేరే సంగతి. ఒకదాంట్లో చేసిన సాధన ఇంకోదానికి పనికిరావాలంటే రెండింట్లో ఒకేలాంటి అంశాలుండాలని థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే అన్నారు. ట్యాబ్ అమ్మేవాళ్లు ఈ రెండో మాట ఎత్తరు.

వద్దన్నాను. వాడు ఫెయిలైతే ఆ మాట నా మీదికే వస్తుందని తెలుసు. అందుకే ఆదివారాలు వెళ్తున్నాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత లెక్కల పుస్తకం ఒకటి, నేల మీద సుద్దతో గీసిన పులి-మేక గళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు. రూల్ ఒక్కటే: కాయ కదిపే ముందు అవతలివాడు ఏం చేస్తాడో పైకి చెప్పాలి. మొదట్లో వాడు "ఏమో అన్నా" అనేవాడు. ఇప్పుడు మేకలతో నన్ను రెండుసార్లు కట్టేశాడు.

లెక్కల్లో మార్కులు మాత్రం పెద్దగా కదల్లేదు. పోయిన పరీక్షలో మాటల ప్రశ్న ఒకటి సగం దాకా రాసి వదిలేశాడు. ఆ సగం కరెక్టే. చిన్నమ్మ ఆ పేపర్ మడిచి మిషన్ డ్రాయర్లో పెట్టుకుంది, నాతో ఏమీ అనలేదు.