పాట బాకీ

1961 అక్టోబరు 17. లండన్‌కి దగ్గర్లోని డార్ట్‌ఫర్డ్ రైల్వేస్టేషన్. కాలేజీకి బయల్దేరిన కీత్ రిచర్డ్స్ చూపు ఓ కుర్రాడి చేతిలోని గ్రామఫోను రికార్డుల మీద పడింది. ఒకటి చక్ బెర్రీది, ఇంకోటి మడ్డీ వాటర్స్‌ది. ఆ కుర్రాడు మిక్ జాగర్. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బడి. అలాంటి రికార్డులు ఇంగ్లండులో దొరకడం అప్పట్లో గగనం. షికాగోలోని చెస్ కంపెనీ నుంచి పోస్టులో తెప్పించుకునేవాడు మిక్. రైలు దిగేసరికి పాత పరిచయం కాస్తా స్నేహమైపోయింది.

మరుసటి ఏడాది జులై 12న లండన్ మార్కీ క్లబ్బులో వాళ్ల బృందం తొలి కచేరీ చేసింది. 'రోలింగ్ స్టోన్స్' అన్న పేరు కూడా అరువే. మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచి తీసుకున్నారు.

ఎవరీ మడ్డీ వాటర్స్? మిసిసిపీ పత్తి తోటల్లో కూలిపని చేసి, 1943లో షికాగో చేరిన నల్లజాతి గాయకుడు. పల్లెలో వాకిట్లో కూర్చుని వాయించే గిటారు పట్నం బార్ల గోలలో వినబడదు. అందుకే ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. పత్తిచేల దుఃఖానికి పట్నం హోరు తోడైన ఆ బాణీయే డార్ట్‌ఫర్డ్ కుర్రాళ్లను పట్టేసింది. వాయింపే కాదు, యాసనీ అనుకరించారు.

1964 జూన్‌లో ఏకంగా చెస్ స్టూడియోకే వెళ్లి పాటలు రికార్డు చేశారు. అక్కడ మడ్డీ వాటర్స్ నిచ్చెనెక్కి పైకప్పుకి రంగులేస్తూ కనిపించాడని కీత్ చాలాసార్లు చెప్పాడు. చెస్ కుటుంబం మాత్రం ఒట్టి కట్టుకథ అని కొట్టిపారేసింది. అయినా ఆ కథ ఇప్పటికీ చెల్లుతోందంటే, పాట పుట్టించినవాళ్ల బతుకు అలాగే ఉండి ఉంటుందని జనం నమ్మబట్టే.

ఆ డిసెంబరులో 'లిటిల్ రెడ్ రూస్టర్' బ్రిటన్‌లో నంబర్‌వన్ అయింది. విల్లీ డిక్సన్ రాసిన ఆ పాటను 1961లోనే హౌలిన్ వూల్ఫ్ పాడాడు. 1965 మేలో అమెరికా టీవీ కార్యక్రమం 'షిండిగ్' పిలిస్తే, ఆయన్నీ పిలవాలని స్టోన్స్ పట్టుబట్టింది. 54 ఏళ్ల ఆ భారీ మనిషి పాడుతుంటే శిష్యుల్లా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు.

అంత మర్యాద తెలిసినవాళ్లే 1968లో 'ప్రాడిగల్ సన్' పాటకు మొదటి ముద్రణల్లో సొంత పేర్లు వేసుకున్నారు. నిజానికి అది రాబర్ట్ విల్కిన్స్ పాట. ఆయన 1929లోనే రికార్డు చేసిన బాణీ. తర్వాత పేరు సరిచేశారుగానీ, దాన్ని మరుపు అని సరిపెట్టుకోవడం కష్టమే.

2015 డిసెంబరులో కొత్త పాటల కోసం లండన్‌లో స్టూడియోకెళ్లారు. అవి కుదరకపోతే, చేతులు సాగడానికని ఓ పాత బ్లూస్ పాట ఎత్తుకున్నారు. ఇక ఆగలేదు. మూడు రోజుల్లో 12 పాటలయ్యాయి. మడ్డీ వాటర్స్ బృందంలో మౌత్ ఆర్గాన్ వాయించిన లిటిల్ వాల్టర్ బాణీల్ని 72 ఏళ్ల జాగర్ అదే వాద్యం మీద పలికించాడు. 2016లో 'బ్లూ అండ్ లోన్‌సమ్'గా వచ్చిన ఆ ఆల్బంలో వాళ్ల సొంత పాట ఒక్కటీ లేదు. రచయితల పేర్లలో జాగర్, రిచర్డ్స్ ఎక్కడా కనిపించరు.