గోడ కదలకుండా వరద రావాలి

వరదను వినిపించడం తేలిక. నాలుగు పెద్ద స్పీకర్లు పెట్టి గట్టిగా మోగిస్తే జనం ఉలిక్కిపడతారు. కానీ మాకిచ్చిన భవనం పాతబస్తీలో వందేళ్లు దాటిన దేవిడీ. గోడలకు డంగు సున్నం గచ్చు, కమాన్ల మీద సున్నంతోనే తీర్చిన నగిషీలు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదను అందులో శబ్దంతో, వెలుగుతో చెప్పాలి. గోడకు మేకు కొట్టకూడదు, రంధ్రం చెయ్యకూడదు, ఒక్క పెళ్ల కూడా రాలకూడదు.

సౌండ్ అండ్ లైట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గోల్కొండ. ఆ పద్ధతి 1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో మొదలైంది. అందులో ప్రేక్షకులు ఆరుబయట ఒకచోట కూర్చుని, దూరాన ఉన్న కోటను చూస్తారు. మా పని వేరు. ఇక్కడ మనిషి లోపల నడుస్తాడు, చెయ్యి చాస్తే గోడ తగులుతుంది. వెనక నుంచీ పైనుంచీ శబ్దం వస్తుంది, అది తిరిగి గోడకు కొట్టుకుని మళ్లీ వస్తుంది.

ఖాళీ హాల్లో మేం ముందుగా చేసేది బెలూన్ పగలగొట్టడం. ఆ చప్పుడు ఎంతసేపు మోగిందో రికార్డు చేస్తాం. అక్కడ మూడు సెకన్లు దాటింది. సన్నాయికి అది వరం, మాటకు శత్రువు. ఈ లెక్కకు దారి చూపినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఆయనకు పని అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, వాటిని పెంచుతూ తగ్గిస్తూ శబ్దం ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. గది ఎంత పెద్దదైతే మోత అంతసేపు నిలుస్తుంది. లోపల శబ్దాన్ని పీల్చే సరుకు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

అది తెలిశాక దేవిడీని చూసే తీరు మారుతుంది. ఈ హాలు ఇంత మోగడానికి కారణం ఇప్పుడు అది బోసిగా ఉండటమే. ఒకప్పుడు నేల నిండా తివాచీలు, కమాన్లకు బరువైన పరదాలు, బాలీసులు, కూర్చున్న మనుషులు. అక్కడ నివసించినవాళ్లు విన్న గది ఇది కాదు. అందుకే అధునాతన ఫోమ్ పలకలు వద్దన్నాను. కమాన్లకు మడతలు పెట్టిన మందపాటి పరదాలు, నేల మీద జంపఖానాలు పరిచాం. పరదాలను కూడా గోడకు కట్టలేదు. ఇసుక మూటల బరువుతో నిలబెట్టిన ఇనుప ఫ్రేములకు వేలాడదీశాం.

అయినా మాట పూర్తిగా తేటపడలేదు. అక్కడ మా భాష స్వభావాన్ని లెక్కలోకి తీసుకోక తప్పలేదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మోగే గదిలో ఆ చివరి అచ్చు సాగి, తర్వాతి మాట మొదటి హల్లును మింగేస్తుంది. గట్టిగా చదివితే అచ్చే ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి వాల్యూమ్ జోలికి పోకుండా వాక్యాలు తిరగరాశాం. "సెప్టెంబరు ఇరవై ఎనిమిదో తారీఖు తెల్లవారుజామున మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది" అన్నది రాతలో బాగానే ఉంటుంది. హాల్లో అది ఒక ముద్ద. "ఇంకా తెల్లవారలేదు. నీళ్లొచ్చాయి" అని మార్చి, మధ్యలో గది ఊపిరి తీసుకునేంత ఎడం ఉంచాం. గొంతు ఇచ్చిన ఆవిడ రంగస్థలం మనిషి. మైకులేని రోజుల నాటకాల్లో పెద్దలు ఒత్తక్షరాన్ని ఎలా పట్టి పలికేవారో ఆమెకు తెలుసు. స్పీకర్లు చిన్నవి, ఎక్కువ సంఖ్యలో, వినేవాడి దగ్గరే పెట్టాం. శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, దూరపు స్పీకరు మాట దగ్గరి దానితో కలిసేలా ఒక్కొక్కదానికీ ఆలస్యం కట్టాం.

వరద హోరు మాత్రం చిన్న స్పీకర్లలో పుట్టదు. దానికి లోతైన బరువు స్వరం కావాలి, ఆ స్వరమే పాత గచ్చును వణికిస్తుంది. సున్నం పనిలో తలపండిన మేస్త్రి ఒకాయన గోడంతా వేలి కణుపుతో తడుతూ వెళ్లాడు. కొన్నిచోట్ల చప్పుడు డొల్లగా వచ్చింది. "ఇది లోపల వదిలేసింది సార్, చూడ్డానికే గోడ" అన్నాడు. అలాంటి చోట్లన్నీ పటం మీద గుర్తు పెట్టుకున్నాం. నిర్వాహకుల్లో ఒకరు సబ్‌వూఫర్లు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. హాలు మధ్యలో రబ్బరు దిండ్ల మీద చెక్క వేదిక వేయించి, దాని అడుగున కంపన యంత్రాలు బిగించాం. హోరు అరికాళ్ల నుంచి ఎక్కుతుంది. గోడకు చేరదు.

వెలుగు విషయంలో నా నిర్ణయం ఇంకా మొండిది. ప్రొజెక్టరుతో గోడ మీద నీళ్లు చూపించలేదు. ఏ ప్రొజెక్టరూ నలుపును వెయ్యలేదు; అది వేసేది వెలుగొక్కటే. ఆ నీళ్లు వచ్చింది తెల్లవారకముందు. కాబట్టి ముందు గోడంతా దీపాల రంగులో పక్కవాటు వెలుగుతో నింపి, నగిషీల నీడలు లేచేలా చేశాం. తర్వాత అడుగు నుంచి ఒక్కో వరుసే ఆరిపోతుంది. చీకటి మోకాలి దాకా, నడుము దాకా, తల మీదికి ఎక్కుతుంది. మెట్ల అంచుల దీపాలు, బయటికి దారి చూపే దీపాలు మాత్రం ఎప్పుడూ ఆరవు. చీకటితో పనిచేసేవాడికి అది మొదటి నియమం. పక్క గదిలోని పాత ఫొటోల మీద వెలుగు 50 లక్స్ దాటకూడదు. ఎండలోంచి వచ్చిన కంటికి అది చాలదు. అందుకే లోపలికి వచ్చే వసారాను మెల్లగా మసకబార్చాం.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది చింతచెట్టు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. చెట్టు బొమ్మ వెయ్యనన్నాను. కింద చీకటి నిండాక మనుషుల గొంతులు నెత్తి మీద నుంచి రావాలి: ఎవరో పేరు పెట్టి పిలవడం, ఒక పిల్ల ఏడుపు, తెలుగూ దక్కనీ కలిసిన కేకలు. ఇక్కడో చిక్కుంది. శబ్దం పైనుంచి వస్తోందని చెవి గుర్తుపట్టేది ముఖ్యంగా సన్నని, పదునైన స్వరాల వల్ల. గొంతులొక్కటే వేస్తే అవి ఎదురుగా ఉన్నట్టే అనిపించాయి. గొంతుల వెనక గాలికి కదిలే చింతాకు గలగల కలిపాం. జనం తలలెత్తారు.

మనిషి ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తాయి. సబైన్ దాన్నీ కొలిచాడు. ఆదివారం సాయంత్రం హాలు నిండితే మోత తగ్గి మాట తేటగా వినిపిస్తుంది. మంగళవారం ఉదయం పదిమందే ఉంటే అదే మాట చెదిరిపోతుంది. ఒకే అమరిక రెండింటికీ కుదరదు. అందుకని మూడు అమరికలు సిద్ధం చేశాం. ఆటకు ముందు ఆపరేటర్ కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్తున్న మనుషుల్ని లెక్కపెట్టి, ఏ అమరికో తనే ఎంచుకుంటాడు. పదిమంది వచ్చిన రోజు గొంతుకూ గొంతుకూ మధ్య విరామం ఇంకాస్త పెంచుతాడు.