కనుమ ఎక్కాలంటే... ముందు వ్యాన్ వెచ్చబడాలి!

జనవరి నెల. ఉదయం ఏడు గంటలు. లేహ్ పట్టణం ఇంకా దుప్పటి తీయలేదు. తొమ్మిదంతస్తుల పాత రాజప్రాసాదం వెనక ఆకాశం ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది. ఇళ్ల కప్పుల మీద బుఖారీ పొగ. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ పదిహేను దాటింది. గెస్ట్‌హౌస్ ముందు పన్నెండు సీట్ల డీజిల్ వ్యాన్ ఒకటి గుర్రుమంటోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని అందులో కూర్చున్నాయి. వెళ్లాల్సింది నుబ్రా లోయకు. దారిలో దాటాల్సింది ఖార్దుంగ్ లా!

అరగంటయినా బండి కదల్లేదు. బ్లోయర్ హోరున తిరుగుతోంది. గాలి మాత్రం గోరువెచ్చగానైనా రావడం లేదు. ‘శాలువా కప్పుకుంటాంలే బాబూ, పోనివ్వు’ అంది వెనక సీట్లో బామ్మగారు. ఆ మాట అర్థమైనా డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. అతని భయం చలి గురించి కాదు, ఎదురుగా ఉన్న అద్దం గురించి. పన్నెండు మంది ఊపిరి ఆ అద్దానికి తగిలి లోపలే మంచుపొరగా పేరుకుంటుంది. దాన్ని కరిగించేది హీటర్ గాలే. అది లేకుండా మంచు గడ్డకట్టిన మలుపుల్లో బండి నడపడమంటే కళ్లకు గంతలు కట్టుకోవడమే!

బండి అటు కనుమకు కాకుండా ఇటు మెకానిక్ షెడ్డుకు తిరిగింది.

మిగులు వేడే దిక్కు

కారయినా వ్యానయినా మామూలు హీటర్‌కు సొంతంగా మంట ఉండదు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడెక్కి, డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్తుంది. దాని మీదుగా వీచే గాలే మనకు వెచ్చగా తగులుతుంది. చిక్కేమిటంటే, డీజిల్ ఇంజిన్ ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటుంది. వృథాగా పోయే వేడి తక్కువ. నిలబెట్టి ఉంచితే మరీ తక్కువ. అందుకే చలిదేశాల్లో చాలా డీజిల్ బండ్లకు విడిగా కరెంటు హీటరో, డీజిల్‌తో మండే చిన్న హీటరో బిగిస్తారు.

అలాగని గంట తిరిగినా వేడి రాకపోతే అది డీజిల్ గుణం కాదు, జబ్బే.

నాడి పట్టే పద్ధతి

‘ఆచో-లే, రేడియేటర్ ముందు అట్ట అడ్డం పెట్టేస్తే సరిపోదా?’ అన్నాడు డ్రైవర్. ఆచో-లే అంటే లద్దాఖీలో అన్నగారు. మెకానిక్ నవ్వాడు. అట్ట చిట్కా అక్కడ అందరికీ తెలిసిందే. కానీ ఏటవాలు ఎక్కేటప్పుడు అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న లేహ్‌లోనే సుమారు 88 డిగ్రీలకు మరిగితే, కనుమ మీద 82 చాలు. రేడియేటర్ మూత బిగువు కాస్త కాపాడుతుంది గానీ, ఆ మూత వదులైతే అంతే సంగతులు.

మెకానిక్ పరీక్ష వరస తప్పలేదు. ముందు కూలెంట్ మట్టం... సరిగ్గానే ఉంది. మైదానాల నుంచి వచ్చిన బండ్లలో ఒట్టి నీళ్లు ఉండటం మామూలే. అవి గడ్డకడితే ఇంజినే పగులుతుంది. ఇందులో కూలెంట్, నీళ్లు సగం సగం. మైనస్ 35 దాకా ఢోకా లేదు.

తర్వాత హీటర్‌కు వెళ్లే రెండు పైపులు పట్టి చూశాడు. రెండూ కాలితే కూలెంట్ బాగా తిరుగుతున్నట్టే, లోపం గాలిని మళ్లించే తలుపులోనో బ్లోయర్‌లోనో ఉంటుంది. ఒకటి కాలి ఇంకొకటి చల్లగా ఉంటే చిన్న రేడియేటర్ పూడిపోయిందనో, గాలి బుడగ అడ్డం పడిందనో అర్థం. ఇక్కడ రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. అంటే వేడే పుట్టడం లేదు! టెంపరేచర్ ముల్లు కూడా అడుగునే ఉంది. ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే రేడియేటర్ పై పైపు మాత్రం వెచ్చబడింది.

దొంగ దొరికాడు. ఇంజిన్ వేడెక్కేదాకా మూసుకుని ఉండాల్సిన థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. పుట్టిన కాస్త వేడినీ రేడియేటర్ బయటి చలికి ధారపోస్తోంది.

ఇంజిన్ చల్లారాక వాల్వ్ మార్చారు. ముందు సీట్లకు వెచ్చటి గాలి వచ్చింది. బామ్మగారి దగ్గరున్న వెనక హీటర్ మాత్రం మొండికేసింది. దాని పైపుల్లో ఒకటి వేడి, ఒకటి చలి. కూలెంట్ దించి నింపినప్పుడు పొడవాటి పైపుల్లో గాలి చిక్కుకుందన్నమాట. ఇంజిన్‌ను మళ్లీ చల్లారనిచ్చి, బండిని ముక్కు పైకి ఉండేలా వాలు మీద నిలిపి, మూత తీసి, హీటర్లు పూర్తిగా తిప్పి ఇంజిన్ ఆన్ చేశారు. బుడబుడమంటూ గాలి బయటికొచ్చింది. తగ్గిన కూలెంట్ పోసి మూత బిగించారు.

ఒక రోజు పోయింది... పోనీ!

అప్పటికి మధ్యాహ్నం దాటింది. చలికాలంలో పొద్దెక్కాక కనుమ ఎక్కడం మంచిది కాదన్నాడు డ్రైవర్. దారిలో ఇరుక్కుంటే రాత్రంతా ఇంజిన్ నడుపుతూ అద్దాలు మూసి పడుకోవాల్సి వస్తుంది. పొగగొట్టం మంచులో కూరుకుపోతే ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2019 నవంబర్‌లో మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని చలికాలపు డీజిల్ లద్దాఖ్‌కు వచ్చింది. ఇంజిన్ ఆగిపోతుందన్న బెంగ తగ్గింది గానీ, బండి లోపలి చలి సంగతి బండివాడే చూసుకోవాలి.

నుబ్రాలో ఒక రోజు తగ్గిందని పిల్లలు అలిగారు. పెద్దలు వెన్న వేసిన ఉప్పు టీ తాగి ఊరుకున్నారు.

మర్నాడు ఉదయం సౌత్ పుల్లు దాటాక రోడ్డంతా తెల్లటి గాజుపలక. వ్యాన్ అద్దం మాత్రం అద్దంలాగే ఉంది! సుమారు నలభై కిలోమీటర్ల ఎక్కుడు ముగిసి ఖార్దుంగ్ లా వచ్చింది. ఎత్తు 18,380 అడుగులని ఏళ్ల తరబడి ఇక్కడి బోర్డులు చాటాయి. తర్వాతి కొలతల్లో తేలింది 5,359 మీటర్లు, అంటే దాదాపు 17,580 అడుగులే. పిల్లలు దిగి ఫొటోలకు పరిగెత్తారు. బామ్మగారు శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది.

డ్రైవర్ ఎత్తు లెక్క పట్టించుకోలేదు. అతను చూసింది టెంపరేచర్ ముల్లునే. అది సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది.